మా రాజా సముద్ర యాత్ర

తెలంగాణ ఉద్యమం నాటి నుంచి నీళ్ల గురించి, నిధుల గురించి, నియామకాల గురించి ఎందరో మాట్లాడారు కానీ, సముద్రమే లేని ఈ గడ్డ మీద పుట్టిన కుక్కల గోడును ఒక్కరూ పట్టించుకోలేదు. హనుమకొండలో మా ఇంట పెరుగుతున్న రాజా లాబ్రడార్ జాతివాడు. అతని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట గడ్డకట్టే నీళ్లలోకి దూకి వలలు లాగినవారు. అంతటి వంశంలో పుట్టి, భద్రకాళి చెరువు తప్ప వేరే నీటిని ఎరుగక, ఎండకాలమంతా సంపు మూత మీద బోర్లా పడుకుని గడిపే అతణ్ణి చూసినప్పుడల్లా మాకు కడుపు తరుక్కుపోయేది. అందుకే ఈ సెలవులకు విశాఖపట్నం తీసుకువెళ్లాలని తీర్మానించాము. రాజా అభిప్రాయం అడగలేదు.

కుక్క ప్రయాణం విషయంలో రైల్వే నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. స్లీపరులోనూ, ఏసీ రెండు, మూడు తరగతుల్లోనూ దానికి ప్రవేశం లేదు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరనే ఉంటే వెంట ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే గూట్లో వేస్తారు. గార్డు హోదాను 2022లో ట్రైన్ మేనేజరుగా మార్చిన మాట నిజమే అయినా, ఆయన చేతి కింద రాజా ఏకైక సిబ్బందిగా ప్రయాణించడానికి మా అభిమానం ఒప్పుకోలేదు. కూపే తీసుకున్నాము. అందులో నేను, మా ఆవిడ, రాజా. మా అమ్మకు స్లీపరులో సైడ్ అప్పర్ దొరికింది. డెబ్బై రెండేళ్లలో ఒక్కసారీ సముద్రం చూడని మనిషి కాబట్టి, పై బెర్తు ఎక్కడం ఆమెకు పెద్ద కష్టం అనిపించదని భావించాము.

పార్శిల్ ఆఫీసులో రాజాను కాటా మీదికి ఎక్కించారు. ముల్లు ఆగేదాకా కదలకుండా కూర్చుని, ఆ తరువాత తూకం వేసిన ఆయన చెయ్యి నాకాడు. అతని టీకాల పుస్తకంలో ఒక్క తేదీ తప్పలేదు. అమ్మ బీపీ మాత్రలు ఇంట్లోనే మరిచిపోయామని ఖమ్మం దాటాక తెలిసింది.

మొదటి రోజు రుషికొండకు బయలుదేరాము. ఆ తీరానికి 2020లో, శుభ్రమైన బీచిలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ జెండా ఎగిరే చోట కుక్కల రాకపోకల మీద గట్టి కట్టడి ఉండాలన్నది షరతు. అంతర్జాతీయ ప్రమాణాలను మేము గౌరవిస్తాము. ఎవరో ఒకరు లాడ్జి గదిలో రాజాకు తోడు ఉండక తప్పదు కనుక ఆ బాధ్యతను అమ్మకు అప్పగించి, సకినాల డబ్బా ఆమె పక్కన పెట్టి వెళ్లాము.

సాయంత్రం రాజాను రామకృష్ణా బీచికి నడిపించాము. మొదటి అల పాదాలకు తగలగానే వంశప్రతిష్ఠ అంతా మరిచి నా కాళ్ల సందున దూరాడు. అక్కడి వీధికుక్కలు నాలుగు వచ్చి ఊరు పేరు విచారించే ధోరణిలో మొరిగేసరికి, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామి వైపు పరుగెత్తాడు. పట్టి తెచ్చేలోగా కడుపు నిండా ఉప్పునీళ్లు తాగాడు. దాని ఫలితం రాత్రంతా గది నేల మీద కనిపించింది. లాడ్జి తువ్వాళ్లన్నీ అమ్మే ఉతికింది. మిగిలిన రెండు రోజులూ రాజాకు గంజి కాచి పోస్తూ గది విడిచి రాలేదు. ఆ విషయంలో ఆమె సహకారాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించవలసి ఉంది.

తిరిగి వచ్చిన మరునాడు రాజా సంపు మూత మీద వాలి చెవులు దులిపితే గుప్పెడు ఇసుక రాలింది. గోడ అవతలి నుంచి పక్కింటావిడ, "సముద్రం ఎట్లున్నది అక్కా?" అని అడిగింది.

"సప్పుడు మంచిగ ఇనవడ్డది," అన్నది అమ్మ.