మహారాజశ్రీ 'ఏబీటీ' గారి సముఖానికి

చెన్నై, మైలాపూర్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో తేదీకి ముందు కూర్చుని, 'దీన్ని పూర్తిగా నమ్మకండి' అని చాటడం తమరి ఉద్యోగం. ఇంగ్లీషు 'అబౌట్'ని మూడక్షరాలకు కుదించి, వంశవృక్షాల వివరాలు దాచే జెడ్‌కామ్ ఫైళ్ళలో తమరికి పీట వేశారు.

"మద్రాసు మీద ఎండెన్ ఓడ గుండ్లేసిన రాత్రికి మా నాన్న నెల్లాళ్ళ పసిగుడ్డు" అంటుంది మా అమ్మమ్మ. ఎండెన్ అంటే జర్మన్ యుద్ధనౌక; ఆ రాత్రి 1914 సెప్టెంబర్ 22. హార్బర్ దగ్గర నూనె ట్యాంకులు తగలబడ్డాయి. నెల వెనక్కి వెళితే ఆగస్టు. అయినా తమరు అడ్డొచ్చి 'ఏబీటీ ఆగస్టు 1914' అన్నారు. (లెక్కగట్టిన తేదీలకు తమరి తమ్ముడు 'సీఏఎల్' ఉన్నాడని తెలుసు. అమ్మమ్మ మాట లెక్క కిందికి వస్తుందో రాదో తేలక నేనే పిలవలేదు.)

మరి అమ్మమ్మ సంగతి? 1942లో జపాన్ వాళ్ళొస్తారని జనం మద్రాసు ఖాళీ చేస్తున్నప్పుడు తనకి పాలపళ్ళు ఊడుతున్నాయట. అంటే ఆరేళ్ళు. కానీ స్కూలు సర్టిఫికెట్‌లో 1938 జూలై 1 అని ఉంది. బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు గారికి తోచిన తేదీ అది. దాని ముందు తమరి జాడే లేదు! అబద్ధానికి రోజూ నెలా ఉన్నాయి కాబట్టి దర్జాగా కూర్చుంది. పాలపళ్ళ సాక్ష్యానికేమో తమరి కాపలా.

సరే, తమరి వేషమైనా మారుద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. రోజు ముందా, నెల ముందా అన్నదానికి బోలెడు ఏర్పాట్లున్నాయి. తమరిని కదిలించే మీట మాత్రం లేదు. చివరికి భాషల ఫైలు తెరిచి, తమరిని తీసి 'ప్రాంతంలో' అని పెట్టాను. స్క్రీన్ మీద 'ప్రాంతంలో 1914' అని వచ్చింది. తమరి బంధువు 'బీఈఎఫ్'ని (అంటే 'బిఫోర్') 'కి ముందు' చేస్తే 'కి ముందు 1942' అయింది. 'మధ్య 1936 మరియు 1938' చూశాక కాఫీకి లేచాను. మా భాషలో ఈ మాటలు అంకె వెనకాల నడుస్తాయి. తమరికి ముందు వరసలో తప్ప కూర్చోవడం రాదు. 'సుమారు' ఒక్కటే ముందు ఒదిగింది గానీ, అది కూరగాయల ధర చెప్పినట్టుంది.

పైగా ఇదంతా నా స్క్రీన్ మీద ముచ్చటే. ఫైలు బెంగళూరులో ఉన్న మా బావకి పంపితే అక్కడ తమరే మళ్ళీ ప్రత్యక్షం. లోపల రాసి ఉన్నది తమరి పేరే కదా.

నిన్న 'ప్రాంతంలో 1914' ప్రింటు తీసి అమ్మమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"ఏ ప్రాంతంలో ఏమిట్రా? మద్రాసులోనే పుట్టాడు మా నాన్న!"

ఇట్లు,
ఎండెన్ నాటి పసిగుడ్డు మునిమనవడు