తక్కువ ముద్రిస్తే ఎక్కువ ధరేనా?

అమెరికాలోని కార్సన్ సిటీ టంకశాలలో ఒకప్పుడు ముద్రించిన మోర్గాన్ రకం వెండి డాలరు నాణేల మీద వ్యాసం బాగుంది. కానీ "ఎంత తక్కువ ముద్రిస్తే అంత ఖరీదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ టంకశాలలో 1885లో ముద్రించినవి 2,28,000. 1889లో 3,50,000. అయినా 1889 నాణేనికే ఎన్నో రెట్లు ధర! కారణం ఏమిటంటే, 1885వి సగానికి పైగా ప్రభుత్వ ఖజానా సంచుల్లోనే ఉండిపోయాయి. 1970లలో జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ వాటిని నల్ల పెట్టెల్లో పెట్టి జనానికి అమ్మింది. ఆ అమ్మకంలో 1889వి దాదాపు లేవు. దీనికి తోడు, వెండి డాలర్లను కరిగించడానికి అనుమతిచ్చిన 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లు కరిగించేశారు. ఏ ఏడాదివి ఎన్ని కరిగాయో లెక్క రాసి పెట్టలేదు మహానుభావులు. కాబట్టి చూడాల్సింది ఎన్ని ముద్రించారని కాదు, ఎన్ని మిగిలాయని.

నేను మొదట కొన్నది 1882ది. తళతళలాడుతుంటే మురిసిపోయాను. తర్వాత తెలిసిన వాళ్లకి చూపిస్తే, పండక్కి వెండి కుందులు తోమినట్టు ఎవరో తోమేశారన్నారు. డబ్బు సగం పోయినట్టే. పాత నాణేన్ని దయచేసి తోమకండి, నల్లబడ్డా సరే.

ఇంకొకటి. వెనక వైపు గద్ద కింద, దండ ముడికి దిగువన ఉండే "సీసీ" అక్షరాలను (కార్సన్ సిటీ గుర్తు) భూతద్దంతో చూడండి. మామూలు డాలరుకి ఆ అక్షరాలు అతికించి అమ్మేవాళ్లున్నారు. బరువు 26.73 గ్రాములు సరిగ్గా తూగినా ఈ మోసం బయటపడదు.

దగ్గర్లోని లేక్ టాహో సరస్సు చూడటానికి వెళ్లేవాళ్లు కార్సన్ సిటీలో ఆగండి. ఆ టంకశాల భవనం ఇప్పుడు మ్యూజియం, పాత ముద్రణ యంత్రం ఇంకా అక్కడే ఉంది.