ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కదా, సీరియల్ కన్సోల్ దేనికి అనేవాళ్లకి

సర్వర్ సెటప్ మాటల్లో సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్‌తో పనిలేకుండా, సర్వర్ సీరియల్ పోర్టు ద్వారా దాని తెరని టెక్స్ట్‌గా చూసి కమాండ్లు కొట్టే దారి) పేరెత్తితే చాలు, "ఎస్‌ఎస్‌హెచ్ ఉంది కదండీ, ఇంకా ఆ పాతకాలపు గోల ఎందుకు?" అనేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా తగులుతారు. అయ్యా, ఎస్‌ఎస్‌హెచ్ అంటే నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి, అది పనిచేయాలంటే ముందు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బూట్ అవ్వాలి, డిస్కులు మౌంట్ అవ్వాలి, నెట్‌వర్క్ లేవాలి, ఫైర్‌వాల్ దారివ్వాలి, ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ డీమన్ (వెనక నడిచే ప్రోగ్రామ్) స్టార్ట్ అవ్వాలి. ఇవన్నీ సవ్యంగా ఉన్న రోజు మీకు ఎమర్జెన్సీ ఏముంటుంది? వీటిలో ఏదో ఒకటి పడుకున్న రోజే కదా అసలు అవసరం!

ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక యూయూఐడీ (డిస్క్ గుర్తింపు కోడ్) తప్పు పడిందనుకోండి. రీబూట్ కొట్టగానే సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులన్నిటినీ లేపే ప్రోగ్రామ్) ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. బయటి నుంచి చూసేవాళ్లకి పింగ్ రాదు, అంతే. సీరియల్ లైన్ ఉన్నవాళ్లు పాస్‌వర్డ్ కొట్టి, ఒక్క లైన్ సరిచేసి బయటపడతారు. లేనివాళ్లు డేటాసెంటర్‌కి ఫోన్ చేసి, అక్కడి మనిషి ర్యాక్ వెతుక్కుని, మానిటర్ తగిలించి, తెర మీద ఉన్నది చదివి వినిపించేదాకా గోళ్లు కొరుక్కుంటూ ఉండాలి. (కొన్ని లైనక్స్ రకాల్లో రూట్ ఖాతా మొదటి నుంచీ లాక్ అయి ఉంటుంది, అప్పుడు ఎమర్జెన్సీ మోడ్ మిమ్మల్ని కూడా లోపలికి రానివ్వదు. ఆ సంగతి ముందే చూసుకోండి.)

"మాకు వెబ్ కేవీఎం (సర్వర్ తెర, కీబోర్డులని బ్రౌజర్‌లో చూపించేది) ఉంది" అంటారు ఇంకొందరు. సంతోషం. పాత బీఎంసీ (సర్వర్ బోర్డు మీద ఉండి దాన్ని దూరం నుంచి నడిపించే చిన్న కంప్యూటర్) అయితే దానికి ఏ జావా వెర్షన్ కావాలో వెతుక్కోవడానికే సగం రాత్రి పోతుంది. అది పనిచేసినా వచ్చేది బొమ్మ. కెర్నల్ పానిక్ అయినప్పుడు (అంటే కోలుకోలేని తప్పుతో ఆగిపోయినప్పుడు) మనకి కావాల్సిన మొదటి లైన్లు ఎప్పుడో పైకి జరిగిపోయి ఉంటాయి, తోక మాత్రం తెర మీద మిగులుతుంది. సీరియల్‌లో వచ్చేది టెక్స్ట్. అవతల కన్‌సర్వర్ లాంటి ప్రోగ్రామ్ ఒకటి పెట్టి అన్ని మెషీన్ల అవుట్‌పుట్‌నీ ఎప్పటికప్పుడు ఫైల్లో పడేస్తే, రాత్రి ఎవరూ చూడనప్పుడు చచ్చిన సర్వర్ చివరగా ఏమందో పొద్దున తీరిగ్గా గ్రెప్ చేసుకోవచ్చు (వెతుక్కోవచ్చు). నా మటుకు ఈ లాగ్ ఒక్కటి చాలు, మిగతా లాభాలన్నీ కొసరు.

సెటప్ కష్టమా అంటే కాదు, కానీ మూడు చోట్ల చేయాలి, జనం ఒకచోట చేసి వదిలేస్తారు. బయాస్‌లో (బోర్డులోని మొదటి ప్రోగ్రామ్) కన్సోల్ రీడైరెక్షన్, గ్రబ్‌లో (కెర్నల్‌ని లోడ్ చేసేది) సీరియల్ టెర్మినల్, కెర్నల్ కమాండ్ లైన్‌లో కన్సోల్ పారామీటర్. మూడింట్లో స్పీడ్ ఒకటే ఉండాలి, లేకపోతే తెర నిండా పిచ్చి గుర్తులు. కన్సోల్ పారామీటర్ రెండుసార్లు ఇస్తే కెర్నల్ మెసేజ్‌లు రెండుచోట్లా వస్తాయి గానీ, ఆ తర్వాత సర్వీసుల మెసేజ్‌లూ ఎమర్జెన్సీ షెల్లూ చివర రాసినదానికే వెళ్తాయి. కాబట్టి సీరియల్‌ని చివర రాయండి. లాగిన్ ప్రాంప్ట్ సంగతి సిస్టమ్‌డీయే చూసుకుంటుంది. ఐపీఎంఐ (బీఎంసీతో మాట్లాడే ప్రొటోకాల్) వాడే సీరియల్ ఓవర్ ల్యాన్, అంటే సీరియల్ అవుట్‌పుట్‌ని నెట్‌వర్క్ మీదుగా పంపే పద్ధతి, చాలా బోర్డుల్లో రెండో పోర్టు మీద ఉంటుంది, అందుకే టీటీవై ఎస్0 (మొదటి పోర్టు) అని రాసి "ఏమీ రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. ఎస్1 పెట్టి చూడండి. గ్రబ్ మెనూలో ప్రతి అక్షరం రెండుసార్లు కనిపిస్తుంటే, బూట్ తర్వాత కూడా బయాస్ రీడైరెక్షన్ నడుస్తోందని అర్థం, దాన్ని ఆపేయండి.

9600 స్పీడ్‌కే (సెకనుకి 9600 బిట్లు) అతుక్కుపోవద్దు. ఆ స్పీడ్‌లో సెకనుకి 960 అక్షరాలే పోతాయి, కెర్నల్ గట్టిగా అరవడం మొదలుపెడితే ఆ అరుపు బయటికి పోయేదాకా మెషీనే నత్తనడక నడుస్తుంది. 115200 పెట్టుకోండి.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండే విషయం. ఇదంతా చక్కగా చేసి, కన్సోల్ సర్వర్‌ని (సీరియల్ లైన్లన్నీ కలిసే పెట్టె) ఆ సర్వర్లున్న స్విచ్‌కే తగిలిస్తారు! స్విచ్ పోతే రెండూ పోతాయి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైనప్పుడు, అత్యవసరం కోసం పెట్టుకున్న అవుట్ ఆఫ్ బ్యాండ్ (అసలు నెట్‌వర్క్‌కి వేరుగా ఉండే) నెట్‌వర్క్ కూడా పడిపోయిందని, ఇంజినీర్లు డేటాసెంటర్లకి స్వయంగా వెళ్లాల్సి వచ్చిందని వాళ్లే రాశారు. అంత పెద్దవాళ్లకే తప్పలేదు. వేరే స్విచ్, వేరే లింక్, కుదరకపోతే కనీసం ఒక మొబైల్ డేటా మోడెమ్ పెట్టండి. డీఎన్‌ఎస్ లేకపోయినా లాగిన్ అయ్యేలా ఐపీలు ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

అలాగని బీఎంసీని పబ్లిక్ ఐపీ మీద వదిలేయకండి బాబూ. ఐపీఎంఐ 2.0 ప్రొటోకాల్ తీరే అంత, యూజర్ పేరు తెలిస్తే చాలు, లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన కోడ్) అడిగినవాళ్ల చేతికి వస్తుంది. దాన్ని తీరిగ్గా ఇంట్లో కూర్చుని పగలగొట్టుకోవచ్చు. ఐపీఎంఐ వాడే యూడీపీ 623 పోర్టు బయటికి కనిపించకూడదు, వీపీఎన్ వెనకే ఉండాలి. కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి అలాగే వదిలేసి పోవడం ఇంకో దరిద్రం, తర్వాత కనెక్ట్ అయ్యేవాళ్లకి నేరుగా రూట్ షెల్లే దొరుకుతుంది. షెల్‌కి టైమౌట్ పెట్టండి.

కొత్త సర్వర్ చేతికి వచ్చిన రోజే, దాని మీద ఏ లోడూ లేనప్పుడే, సీరియల్ లైన్ మీద కూర్చుని రీబూట్ కొట్టి బయాస్ నుంచి లాగిన్ దాకా మొత్తం కనిపిస్తోందా లేదా చూడండి. బయటికి వచ్చేటప్పుడు ఒక చిన్న తిరకాసు: ఐపీఎంఐటూల్‌లో (ఐపీఎంఐ మీదుగా సీరియల్ లైన్ తెరిచే కమాండ్) సెషన్ ముగించడానికి టిల్డా (~), చుక్క కొట్టాలి, కానీ మీరు ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా వెళ్లి ఉంటే ఆ రెండింటినీ ఎస్‌ఎస్‌హెచ్చే మింగేసి తన కనెక్షన్ తెంపేసుకుంటుంది. టిల్డా రెండుసార్లు కొట్టి చుక్క పెట్టండి.