ఔటర్‌ను పంచాయతీగా ప్రకటించాలి

నా ఆధార్ కార్డులో చిరునామా అసంపూర్ణం. ఈ మాట పూర్తి బాధ్యతతో రాస్తున్నాను. ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనిదల్లా నేను రోజూ కాపురం చేసే రెండో చోటు. ఎడమ పక్క తుమ్మచెట్లు, కుడి పక్క మురుగుకాలువ, గట్టు మీద నాలుగు గేదెలు, ఒక సెల్ టవర్, దూరంగా అపార్ట్‌మెంట్ల వెనక బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ చోటికి పేరు లేదు. జంక్షన్‌కు ముందు సిగ్నల్ కోసం మా రైలు రోజూ ఆగే ఆ చోటును మేం ఔటర్ అంటాం.

18 ఏళ్ళుగా అప్ అండ్ డౌన్ చేస్తున్న మనిషిని. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కడం, జంక్షన్ కనుచూపు మేరలోకి రాగానే ఆగిపోవడం. జంక్షన్ పేరు చెప్పను. సీజన్ టికెట్ మీద బతికేవాడిని, నాకెందుకొచ్చిన గొడవ. అయినా చెప్పాల్సిన పని లేదు. రెండు లైన్లు కలిసే చోటు ఎక్కడున్నా, చదివేవాళ్ళు ఎవరి ఔటర్‌ను వాళ్ళు గుర్తుపట్టుకుంటారు.

మొన్న ఆగినప్పుడు ఒక లెక్క వేశాను. రోజుకు సగటున 40 నిమిషాలు. నెలకు 25 రోజులు. ఏడాదికి 200 గంటలు. 18 ఏళ్ళకు 3,600 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి అచ్చంగా 150 రోజులు. పెళ్ళయిన దగ్గర్నుంచి మా అత్తగారింట్లో కూడా మొత్తం మీద ఇన్ని రోజులు లేను. సీజన్ టికెట్ మీద 150 కిలోమీటర్ల దూరం దాకా తిరగవచ్చని రూలు. కదలకుండా 150 రోజులు ఉండవచ్చని ఎక్కడా రాయలేదు. అది ఉచితం.

ఇంతకాలం ఉన్న మనిషికి ఆ చోటి మీద కొన్ని హక్కులు రావాలి కదా? అందుకే ఈ ప్రతిపాదన. ఔటర్‌ను గ్రామ పంచాయతీగా ప్రకటించాలి.

నవ్వకండి. పొరుగు రాష్ట్రంలో దీనికి ఆధారం ఉంది. 2018లో తెలంగాణలో 500 జనాభా ఉన్న తండాలను, గూడేలను పంచాయతీలు చేశారు. మంచి పని. మా ఔటర్‌లో ఒక్క ప్యాసింజర్ ఆగితే 500 మూడు బోగీల్లోనే దాటుతుంది. జనరల్ బోగీలో 90 సీట్లని బయట రాసి ఉంటుంది, లోపల ఎంతమందో రాయడానికి గోడ మీద చోటు చాలదు. వెనకాలే ఇంకో బండి వచ్చి ఆగిందంటే మేజర్ పంచాయతీయే. బోగీకో వార్డు. సగం సీట్లు మహిళలకు ఇవ్వాలన్న నియమం గురించి కంగారు లేదు, లేడీస్ బోగీలో పాలన ఎప్పుడో మొదలైంది.

భూమి సమస్య కూడా లేదు. పట్టాదారు పాస్‌పుస్తకాల మీద దశాబ్దాలుగా కోర్టుల్లో దావాలు నడుస్తున్నాయి గానీ, కిటికీలోంచి విసిరిన కర్చీఫ్ మీద ఇంతవరకు ఒక్క దావా పడలేదు. కర్చీఫ్ పడిన చోటు కర్చీఫ్ వాడిదే. సర్వే రాయి అక్కర్లేదు, వీఆర్వో సంతకం అక్కర్లేదు. నలుగురి సీటులో ఆరో మనిషి "కాస్త సర్దుకోండి బాబూ" అంటే, మిగతా అయిదుగురూ తొడలు దగ్గరికి లాక్కుని నాలుగంగుళాలు సేకరించి ఇస్తారు. నష్టపరిహారం అడిగినవాణ్ణి నేను చూడలేదు. అన్నట్టు రైళ్ళలో మూడో తరగతిని 1974లోనే రద్దు చేశారు. మాది రెండో తరగతి. బోర్డు మీద రాసి ఉంది.

పరిశ్రమలు ఉన్నాయా అంటారు. ఉన్నాయి. ఏదో ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా చేసే అక్క ఒకావిడ మా బోగీలోనే వస్తుంది. ఎక్కేముందు స్టేషన్ బయట గోంగూర కట్టలు కొంటుంది. బండి ఆగగానే ఒళ్ళో పేపరు పరుచుకుని ఆకు తుంచడం మొదలుపెడుతుంది. కాడలు కిటికీలోంచి బయటికి, ఆకు సంచిలోకి. వాచీ చూడదు. "నిన్న మూడు కట్టలు ఆపాడు. ఇవాళ ఒకటిన్నరతో పోనిచ్చేట్టున్నాడు" అంటుంది. మా ఔటర్‌లో కాలాన్ని కొలిచే ప్రమాణం అదే. చిక్కుడుకాయల సీజన్లో మాత్రం లెక్క తప్పుతుంది, ఈనెలు తీయడానికి టైం ఎక్కువ పడుతుంది కాబట్టి.

ఇప్పుడా అక్క వాడిన మాట ఇంకోసారి చూడండి. ఆపాడు. పోనిచ్చేట్టున్నాడు. ఎవరు?

18 ఏళ్ళుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది. ప్యాసింజర్‌లో ప్రయాణం చేసే తెలుగువాళ్ళు ఒక్కరు కూడా "బండి ఆగింది" అనరు. "ఆపేశాడు" అంటారు. క్రాసింగ్ పెట్టాడు, లూప్‌లో పడేశాడు, వదల్లేదు, ఇప్పుడు తీస్తాడు. కర్త లేకుండా క్రియ నడవడం మన భాషకు అలవాటే, బండికే ఆ అలవాటు లేదు. వాడెవడో తెలుసుకుందామని విచారణ చేశాను. డ్రైవర్ కాదు. ఆయన కూడా మాలాగే కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని ఎర్ర దీపం వైపు చూస్తుంటాడు. గార్డు కాదు. 2022లో ఆయన హోదాకు ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, మేనేజ్ చేయడానికి ముందు ట్రైన్ కదలాలి. స్టేషన్ మాస్టర్ కాదు. "కంట్రోల్ చెప్పాలండీ" అంటాడు. కంట్రోల్ అంటే ఎక్కడో ఏసీ గదిలో తెరల ముందు కూర్చునే మనిషి. అతన్ని ఎవరూ చూడలేదు. అతనూ మమ్మల్ని చూడడు, గీతలుగా చూస్తాడు. దేవుడు లేడని ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్న యూనియన్ నాయకుడు ఒకాయన మా బోగీలో ఉన్నాడు. ఆయన కూడా పైకి చూసి "వాడు వదిలితే పోతాం" అనడం ఈ చెవులతో విన్నాను.

వాడికీ ఒక ధర్మం ఉంది. ముందు సూపర్‌ఫాస్ట్, తర్వాత మెయిల్, ఎక్స్‌ప్రెస్, ఆ తర్వాత మేము. జంక్షన్‌లో ఉన్నవి కొన్ని ప్లాట్‌ఫారాలు. మా లైన్లోంచి ప్లాట్‌ఫారం మీదికి రావాలంటే బండి మరో రెండు లైన్లను అడ్డంగా దాటాలి. దాటేంతసేపూ వాటి మీద ఇంకేదీ రాకూడదు. రూలు ప్రకారం గూడ్సు మా వెనక రావాలి. కానీ రైల్వే ఆదాయంలో పెద్ద వాటా సరుకు రవాణాదే. బొగ్గు టన్నుల లెక్కన డబ్బు కడుతుంది, మేం నెల పాస్ చూపిస్తాం. వాడి స్థానంలో నేనున్నా బొగ్గునే వదులుతాను.

2023 సంక్రాంతికి సికింద్రాబాద్ విశాఖ మధ్య వందే భారత్ వచ్చింది కదా. అలాంటి తెల్ల బండి ఏదైనా పక్క లైన్లో పోతుంటే మా ఔటర్‌కు రథోత్సవమే. పిల్లలు చేతులూపుతారు. లోపలివాళ్ళు ఊపరు, అద్దాలు తెరుచుకోవు. తుమ్మచెట్లు ఒకసారి ఊగి ఆగుతాయి. అంతే, మళ్ళీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

హోదా పెరిగితే బండి కదులుతుందేమో అనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి. 2020 మార్చిలో కరోనాకు ఆగిన ప్యాసింజర్లు మళ్ళీ మొదలైనప్పుడు స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌లుగా వచ్చాయి. నంబరు సున్నాతో మొదలైంది. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. అంకెకు ముందు వేసిన సున్నాకు విలువ లేదని మా బోగీలో వచ్చే లెక్కల మాస్టారు పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నారు. ఆ సున్నా ఖరీదు 20 రూపాయలని అప్పుడు తెలిసింది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్ళీ 10 చేసేదాకా మేం ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని అదే ఔటర్‌లో ఆగాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గేదెలకైతే ఆ తేడా తెలియనే లేదు.

ఇక అందరూ తిట్టే సమయపాలన. ఇక్కడ నేను రైల్వేల పక్షం. జంక్షన్ నుంచి బయల్దేరి పక్క స్టేషన్‌కు పోవడానికి మా బండికి టైమ్‌టేబుల్లో 9 నిమిషాలు ఇచ్చారు. అదే పక్క స్టేషన్ నుంచి జంక్షన్‌కు రావడానికి 50 నిమిషాలు. పట్టాలు అవే, దూరం అదే. దారిలో పోయిన టైమును చివర్లో కూడదీసుకోవడానికి అలా కాస్త వదులుగా వేస్తారు, కుట్టుపనిలో లోపలికి మడిచిన గుడ్డలాగా. కాబట్టి ఔటర్‌లో మా నివాసం ఆక్రమణ కాదు. ముందే అచ్చువేసి కేటాయించిన స్థలం. ఆపైన గమ్యానికి 15 నిమిషాల లోపు ఆలస్యంగా చేరినా సమయానికి చేరినట్టే లెక్క. మా ఆఫీసులో వేలిముద్రల యంత్రానికి ఈ ఔదార్యం లేదు. 10 నిమిషాలు దాటితే సగం రోజు సెలవు కోసేస్తుంది. ఆ విధంగా గత మంగళవారం మా బండి రైట్ టైముకు చేరింది, నేను లేటుగా చేరాను. ఇద్దరం కలిసే వచ్చాం.

ప్రతిపాదన రాస్తూండగా ఒక రిటైర్డ్ రైల్వే పెద్దాయన అడ్డం వచ్చాడు. "ఔటర్ అని రాయకు, కొట్టేస్తారు. అది చెయ్యి వాల్చే పాత సిగ్నళ్ళ కాలం మాట. రంగు దీపాలు వచ్చాక మీ లైన్లో ఔటర్ సిగ్నలే లేదు."

"మరి మేం రోజూ ఆగేది ఎక్కడండీ?"

"దాన్ని హోమ్ సిగ్నల్ అంటారు."

బోగీ బోగీ నిశ్శబ్దమైపోయింది. హోమ్. మేం ఇన్నాళ్ళూ ఊరి బయట ఉన్నామనుకుని ఏడుస్తున్నాం, రైల్వే వాళ్ళు మమ్మల్ని ఇంటి దగ్గరే దించారు. నివాస ధ్రువీకరణకు ఇంతకన్నా ఏం కావాలి? ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికే వచ్చి పింఛన్ ఇచ్చే రాష్ట్రం మనది. ఆ పొద్దున హోమ్‌లో ఉన్న మా బోగీ ముసలాళ్ళకు అక్కడికే తెచ్చివ్వాలి మరి.

అర్జీ పెడితే ఎవరు పట్టించుకుంటారంటారా? 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు, పనసపండు తిని కడుపుబ్బి స్టేషన్‌లో దిగి చెంబు పట్టుకుని పక్కకు వెళ్తే, వచ్చేలోపు బండి కదిలిపోయిందని రైల్వే ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఢిల్లీ రైల్ మ్యూజియంలో దాన్ని ఇప్పటికీ జనానికి చూపిస్తున్నారు. ఆయన గోడు బండి ఆగలేదని. మా ఔటర్‌లో అయితే ఆ పనసపండు మొత్తం తిని, రెండుసార్లు వెళ్ళొచ్చి, గింజలు కాల్చుకుని కూడా తినేవాడు.

సర్పంచ్ ఎవరన్నది ఏకగ్రీవం. లెక్కల మాస్టారే. ఆయన త్యాగం అలాంటిది. మా ఊరి మెయిన్ రోడ్డు అంటే పట్టాల పక్కన కంకర. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అక్కడ నడిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మెయిన్ రోడ్డు మీద కాలు పెడితే నేరమయ్యే ఊరు దేశంలో ఇంకోటి ఉండదు. అయినా మొదటి పీరియడ్ పోతుందనుకున్న రోజున మాస్టారు దిగుతారు. గొడుగు చంకలో, క్యారేజీ సంచి చేతిలో, ప్యాంటు అంచులు రెండు మడతలు. సరిగ్గా ముప్పై అడుగులు వేసేసరికి సిగ్నల్ పడుతుంది. బండి కదిలి ఆయన్ని దాటిపోతుంది. మేమంతా ఆ సమయంలో అవతలి కిటికీలోంచి గేదెల్ని చూస్తాం. ఆయన కూడా మా వైపు చూడరు. ఒకసారి తెలివిగా మెట్టు మీద నిలబడి ఒక్క కాలే కింద పెట్టారు. వాడు నమ్మలేదు.

ఇదంతా ఔటర్‌లో కూర్చుని ఫోన్లో కొడుతున్నాను. సంతకాల కాగితం ఇప్పుడు నాలుగో బోగీలో ఉంది. ఎదురు సీటులో అక్క మూడో కట్ట విప్పింది.

"ఇంకా ఎంతసేపంటావమ్మా?" అన్నారు మాస్టారు.

"ఈ కట్ట కూడా అయ్యేట్టుంది మాస్టారూ. మీరు ఒకసారి దిగితే..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. బోగీలో ఎవరూ పూర్తి చేయలేదు. పై అటక మీద పడుకున్న కుర్రాడు కూడా లేచి కూర్చుని ఆయన వైపు చూస్తున్నాడు. మాస్టారు అందర్నీ ఒకసారి చూసి, నిట్టూర్చి, వంగి ప్యాంటు మడత పెట్టుకుంటున్నారు.

బండి కదిలే టైమైంది. ఉంటాను.