వెండి బిళ్ళ మీద అంకె ఎవరిది?

1998 అక్టోబరులో అమెరికాలో బెర్నార్డ్ వాన్ నాట్‌హౌస్ అనే వ్యక్తి ఔన్సు మేలిమి వెండి బిళ్ళ మీద పది డాలర్ల ముద్ర వేయించి జనంలోకి వదిలారు. పేరు లిబర్టీ డాలర్. అప్పుడు ఔన్సు వెండి ధర సుమారు 5 డాలర్లు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1986లో, అమెరికా ప్రభుత్వం కూడా ఔన్సు వెండితో 'సిల్వర్ ఈగిల్' నాణెం తెచ్చింది. దాని మీద ఉన్న ముద్ర మాత్రం ఒకే ఒక్క డాలరు. రెండింటిలోనూ లోహం ఒకటే, తూకం ఒకటే. ప్రభుత్వం లోహం ధరకంటే బాగా తక్కువ అంకె వేసింది. ప్రైవేటు టంకశాల నుంచి వచ్చిన బిళ్ళ మీద లోహం ధరకు రెట్టింపు అంకె పడింది. ఇలాంటి బిళ్ళలు సేకరించేవాళ్ళు బొమ్మనూ మెరుపునూ చూసే ముందు ఈ తేడాను చూడాలని నా వాదన. ఎందుకంటే ఆ బిళ్ళ కథంతా అందులోనే ఉంది.

నాట్‌హౌస్ కోపానికి కారణం లేకపోలేదు. అమెరికా 1965లో పది సెంట్ల, పాతిక సెంట్ల నాణేల నుంచి వెండిని తీసేసింది. వెండి ఇస్తామని రాసి ఉన్న పాత నోట్లకు బదులుగా వెండి ఇవ్వడం 1968లో ఆపేసింది. 1971లో డాలరుకూ బంగారానికీ ఉన్న చివరి ముడి కూడా తెగింది. కాగితం విలువ ఏటేటా కరిగిపోతుంటే కష్టజీవి దాచుకున్నది ఏమైపోతుందన్న ప్రశ్న న్యాయమైనది. మన పల్లెల్లో పంట డబ్బు చేతికి రాగానే కాస్త వెండి, కాస్త బంగారం కొని దాచే ఇల్లాలి మనసులోనూ ఉన్నది ఇదే ప్రశ్న. నాట్‌హౌస్ స్థాపించిన సంస్థ ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్ నుంచి పనిచేసేది. ఐడహో రాష్ట్రంలోని సన్‌షైన్ మింటింగ్ అనే ప్రైవేటు టంకశాల బిళ్ళలు ముద్రించేది. ఆ టంకశాల గోదాములోని వెండికి హామీగా కాగితపు రసీదులు కూడా అచ్చువేసి నోట్లలా చెలామణిలోకి వదిలారు.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. వెండి కొనుక్కోవచ్చు, దాచుకోవచ్చు, ఇష్టపడిన వాళ్ళతో మారకం చేసుకోవచ్చు. చిక్కంతా అంకె దగ్గర మొదలైంది. సంస్థ ప్రతినిధులు ఈ బిళ్ళలను తగ్గింపు ధరకు తీసుకుని దుకాణాల్లో పూర్తి పది డాలర్లకు చెల్లించేవారు. తీసుకున్న దుకాణదారు దాన్ని మరొకరికి అంటగట్టగలిగితే సరి. అంటగట్టలేకపోతే కరిగించుకోవాలి. కరిగిస్తే వచ్చేది సగం. చివరికి ఎవరి చేతిలో మిగిలిపోతుందో నష్టం వాళ్ళది. 2005 నవంబరులో ఆ సంస్థ అదే ఔన్సు వెండికి ముఖవిలువను 20 డాలర్లకు పెంచింది. వెండి తూకం ఒక్క గురిగింజ ఎత్తు కూడా పెరగలేదు. ముద్ర మారింది, అంతే. ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు నోట్లు అచ్చువేస్తోందని దుయ్యబట్టిన సంస్థ తానూ ఇష్టం వచ్చిన అంకెనే వెండి మీద వేసింది. ఈ మాట అనడం నాకు బాధగానే ఉంది. ఆ ఉద్యమంలో నిజాయతీగా నమ్మి చేరిన సామాన్యులు చాలామంది ఉన్నారు.

పోలికలు కూడా ఇబ్బంది తెచ్చాయి. బిళ్ళకు ఒకవైపు స్వేచ్ఛాదేవి తల, మరోవైపు కాగడా. డాలరు గుర్తు, దేశం పేరు, ప్రభుత్వ నాణేల మీది 'ఇన్ గాడ్ వియ్ ట్రస్ట్'ను తలపించే 'ట్రస్ట్ ఇన్ గాడ్' అన్న మాట కూడా ఉన్నాయి. హడావుడిలో చిల్లర తీసుకునే గుమాస్తాకు అది సర్కారు నాణెంలా కనిపించడంలో వింతేమీ లేదు. 2006లో అమెరికా ప్రభుత్వ టంకశాల వీటిని డబ్బుగా వాడటం నేరమని హెచ్చరించింది. 2007 నవంబరులో ఎఫ్‌బీఐ, సీక్రెట్ సర్వీస్ అధికారులు ఎవాన్స్‌విల్ కార్యాలయంపై దాడి చేశారు. అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న రాన్ పాల్ బొమ్మతో అప్పుడే ముద్రించిన రెండు టన్నుల దాకా బిళ్ళలు వాళ్ళకు దొరికాయి. 2011 మార్చి 18న నార్త్ కరోలినాలోని స్టేట్స్‌విల్‌లో జ్యూరీ రెండు గంటలు కూడా తీసుకోకుండా నాట్‌హౌస్ దోషి అని తేల్చింది.

ఆ రోజు ఔన్సు వెండి సుమారు 35 డాలర్లు పలుకుతోంది. పది డాలర్ల బిళ్ళ దాచుకున్నవాడికి మూడింతలకు మించి వచ్చింది. మరి మోసం ఎక్కడ జరిగిందని అప్పట్లో చాలామంది అడిగారు. ప్రశ్న బాగుంది, కానీ జవాబు కూడా అందులోనే ఉంది. వాళ్ళకు లాభం తెచ్చింది తూకం. పది అన్న అంకె కాదు, ఇరవై అన్న అంకె అసలే కాదు. ఏ ముద్రా లేని ఔన్సు వెండి కడ్డీ కొన్నవాడికీ అంతే సొమ్ము వచ్చేది, పైగా అతను కొన్నది సగం ధరకే.

ప్రభుత్వం వైపు కూడా మాట తూలింది. తీర్పు వచ్చాక ప్రాసిక్యూటర్ దీన్ని ఒక తరహా 'దేశీయ ఉగ్రవాదం' అన్నారు. వెండి బిళ్ళలు అమ్మిన వృద్ధుడి మీద ఆ మాట వాడటం అన్యాయం. ఇరవై ఏళ్ళకు పైగా జైలు పడవచ్చన్న కేసులో, 2014 డిసెంబరులో జడ్జి రిచర్డ్ వూర్హీస్ ఆరు నెలల గృహనిర్బంధం, మూడేళ్ళ ప్రొబేషన్‌తో సరిపెట్టారు. ఈ లోపు, తమ పెట్టెల్లో ఉన్న బిళ్ళలు కూడా జప్తు అవుతాయేమోనని సేకర్తలు ఏళ్ళ తరబడి భయంతో గడిపారు. నాణేన్ని డబ్బుగా చెలామణి చేయడం వేరు, చరిత్రకు ఆనవాలుగా దాచడం వేరు. ఈ రెండింటి మధ్య గీతను చట్టం ముందే గట్టిగా గీసి ఉండాల్సింది.

ప్రైవేటు వ్యక్తులు నాణేలు కొట్టడం ఇది మొదటిసారి కూడా కాదు. నార్త్ కరోలినాలోని రూథర్‌ఫర్డ్‌టన్‌లో క్రిస్టఫర్ బెక్లర్ 1831 నుంచి స్థానిక బంగారంతో నాణేలు కొట్టారు. అమెరికాలో తొలి బంగారు డాలరు ప్రభుత్వం కంటే ముందు ఆయన దగ్గరే పుట్టింది. నాణెం మీద బంగారం తూకం, మేలిమి ముద్రించేవారు. 1860లో డెన్వర్‌లో క్లార్క్, గ్రూబర్ సంస్థ కూడా ఇదే పని చేసింది. ప్రభుత్వం దాన్ని కొనేసింది, డెన్వర్ ప్రభుత్వ టంకశాల మొదలైంది దాంతోనే. 1864లో కాంగ్రెస్ ప్రైవేటు నాణేలను నిషేధించింది. నాట్‌హౌస్‌ను పట్టుకున్నది ఆ నిషేధపు వారసత్వమే. ఆయనకు శిక్ష పడింది కూడా బెక్లర్ నాణేలు కొట్టిన రాష్ట్రంలోనే.

నాకు అన్నింటికంటే ఇష్టమైనవి జోసెఫ్ లెషర్ బిళ్ళలు. 1893లో ప్రభుత్వం వెండి కొనడం ఆపేశాక కొలరాడో గనులు కుదేలయ్యాయి. విక్టర్ పట్టణంలో ఉండే లెషర్ 1900లో వెండితో ఎనిమిది మూలల బిళ్ళలు చేయించారు. ధర డాలరుంపావు. అందులో వెండి విలువ దాదాపు సగమే, అంటే నాట్‌హౌస్ లెక్క లాంటిదే. తేడా మిగతా విషయాల్లో ఉంది. గుండ్రంగా లేదు కాబట్టి సర్కారు నాణెమని ఎవరూ పొరబడరు. ఇది 'సరుకు' అని బిళ్ళ మీదే రాసి ఉంది. ఆ ముఖవిలువకు డబ్బో సరుకులో ఇస్తానని ఒప్పుకున్న వర్తకుడి పేరు కూడా దాని మీదే చెక్కి ఉంది. బమ్‌స్టెడ్ అనే కిరాణా వ్యాపారి అలా పేరు వేయించుకున్నారు. అంకె వెనక నిలబడిన మనిషి ఎవరో బిళ్ళే చెబుతుంది. జనం ఒప్పుకుంటారో లేదో వాళ్ళకే వదిలేస్తున్నానంటూ లెషర్ వాటికి 'రెఫరెండం' అని పేరు పెట్టారు. వరస సంఖ్యలు కొట్టిన ఆ కొద్దిపాటి బిళ్ళలు ఈనాడు వేల డాలర్లు పలుకుతున్నాయి. ఆ ధర వాటికి తగినదే.

మన దగ్గరా ఈ గీత పాతదే. దేవుడి మందిరంలో ఉంచే రామటంకం మీద సీతారాముల పట్టాభిషేకం ఉంటుంది, విలువ ఉండదు. ధనత్రయోదశికి కొనే లక్ష్మీ బిళ్ళ మీద తూకం, మేలిమి ఉంటాయి, రూపాయల అంకె ఉండదు. ప్రైవేటు వ్యక్తులు డబ్బుగా వాడేందుకు లోహపు బిళ్ళలు చేయడాన్ని బ్రిటిషు వాళ్ళు 1889లోనే నిషేధించారు. 2011 నాణేల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది. తూకం మాత్రమే చెప్పే బిళ్ళ ఎవరినీ మోసగించదు కాబట్టే కంసాలి అంగట్లో లక్ష్మీ బిళ్ళ నిర్భయంగా అమ్ముడవుతోంది.

ఇప్పుడు లిబర్టీ డాలర్లు కొనాలనుకునే సేకర్తకు నేను చెప్పేది ఇది. ముందు త్రాసు మీద పెట్టండి. ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు. పది, ఇరవై అన్న అంకెలను చూసి ధర కట్టవద్దు. కొనే రోజు వెండి ధరకు పైన ఎంత అడుగుతున్నారో, ఆ పైమొత్తం అరుదుగా దొరికే ముద్రకో లేక కేవలం కోర్టు కేసు పేరు చెప్పి గుంజుతున్నదో తేల్చుకోండి. గోదాము రసీదు దొరికితే వదలవద్దు. కాగితం, లోహం పక్కపక్కన ఉన్నప్పుడే ఈ కథ పూర్తిగా అర్థమవుతుంది. పెట్టెలో ప్రతి బిళ్ళ కింద ఒక చీటీ పెట్టి అందులో మూడు అంకెలు రాయండి: ముద్రించిన ఏడు, ముఖవిలువ, ఆ ఏడాది ఔన్సు వెండి ధర.

పది డాలర్ల బిళ్ళ పక్కన ఒక్క డాలరు సిల్వర్ ఈగిల్‌ను కూడా ఉంచండి.