సింగపూర్ ఫిరంగుల మీద పడ్డ నింద

(ఇద్దరిదీ విజయవాడ గాంధీనగరే. మావయ్య డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. అల్లుడు గ్రూప్స్ కోచింగ్‌లో అదే సబ్జెక్టు చెబుతున్నాడు. “ఫిరంగులన్నీ సముద్రం వైపే తిరిగి ఉండటం వల్ల 1942లో సింగపూర్ పడిపోయింది” అని అతను పిల్లలకిచ్చిన నోట్సులో ఉంది. గొడవ ఆ వాక్యం దగ్గర మొదలైంది.)

మావయ్య: ముందు ఇది కొట్టెయ్‌రా.

అల్లుడు: ఎందుకు మావయ్యా? అందరూ రాసేదే కదా. సింగపూర్‌ని ఏలుతున్న బ్రిటిష్‌వాళ్లు ఓడల కోసం కాపు కాశారు, జపాన్‌వాళ్లు ఉత్తరాన ఉన్న మలయా మీదుగా వెనకనుంచి వచ్చారు.

మావయ్య: వెనకనుంచి రావడం నిజమే. ఫిరంగులు తిరగలేదన్నదే అబద్ధం. సింగపూర్ తూర్పు కొసన చాంగీలో జొహోర్ బ్యాటరీ అని ఫిరంగుల స్థావరం ఉండేది. గొట్టం నోరు 15 అంగుళాలుండే ఫిరంగులు మూడు. ఒక్కో గుండు దాదాపు 880 కిలోలు. ఆ గుండ్లని భూమి లోపలి గదుల్లో దాచి, యంత్రాలతో పైకి లేపేవాళ్లు. ఫిబ్రవరిలో ఆ ఫిరంగుల్ని నేలవైపు తిప్పి జలసంధి అవతలున్న జొహోర్ బహ్రూ మీదికి కాల్చారు, సింగపూర్‌లోనే ఉన్న టెంగా విమానాశ్రయం వైపు కాల్చారు. అయినా జపాన్‌వాళ్లు ఆగలేదు. ఎందుకంటావ్? ఆ గుండ్లు యుద్ధనౌక ఉక్కు కవచాన్ని చీల్చడానికి చేసినవి. ముక్కు గట్టిది, లోపల పేలుడు మందు తక్కువ. మెత్తటి నేలలో పడితే లోతుగా దిగబడి అక్కడే పేలేది. పక్కనున్న సైనికుడి మీద మట్టి పడేది, అంతే. కాలిబంటు మీద పనిచేసే గుండ్లు ఆ పెద్ద ఫిరంగులకి ఇవ్వనేలేదు.

అల్లుడు: అయితే నేను రాసిందే నిజమైంది కదండీ! గొట్టం తిరిగినా గుండు సముద్రాన్నే చూస్తోంది. పైగా అలాంటి ఫిరంగులే సింగపూర్‌లోని బ్యునా విస్టాలో ఇంకో రెండున్నాయి, అవి ఉత్తరానికి తిరగనే లేదు. మీరు గొట్టం గురించి మాట్లాడుతున్నారు, నేను ఆలోచన గురించి మాట్లాడుతున్నాను. 1935లో జొహోర్ సుల్తాన్ ఇచ్చిన 5 లక్షల పౌండ్లలో కొంత ఆ బ్యాటరీకే పోసి, దానికాయన రాజ్యం పేరు పెట్టారు. ఆ డబ్బుతో విమానాలు కొనుంటే? 1941 డిసెంబరు 10న బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ రెండూ మునిగాయి. ముంచింది జపాన్ విమానాలే.

(అల్లుడి మాటలో బలముంది. మావయ్య కూడా వెంటనే జవాబివ్వలేకపోయారు.)

మావయ్య: బ్యునా విస్టా సంగతి ఒప్పుకుంటాను. విమానాల సంగతీ ఒప్పుకుంటాను.

అల్లుడు: మన దగ్గరా అంతే. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. ఒడ్డున ఫిరంగి ఉండి ఏం ఆపుతుంది? అయినా ఆ ఫిరంగుల కోసం మనమెందుకు బాధపడాలి? సింగపూర్‌లో బ్రిటిష్ సైన్యంలో ఉన్న మనవాళ్లు ఎప్పుడెప్పుడు తుపాకులు దించుదామా అని చూశారు. లొంగిపోయాక అక్కడి ఫారర్ పార్కులో నలభై వేల మంది భారతీయ సైనికుల్ని కూర్చోబెడితే ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టింది!

మావయ్య: ఆ మాట మాత్రం అనకు. చేరినవాళ్లు చేరారు, వాళ్ల త్యాగం వాళ్లది. చేరనివాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లలో ఎందరినో జపాన్‌వాళ్లు న్యూగినీ దీవికి తీసుకెళ్లి కూలీపని చేయించారు. తిండిలేక, రోగాలతో అక్కడే పోయారు. వాళ్ల పేరెత్తకుండా పిల్లలకి చరిత్ర చెప్పకు.

అల్లుడు: వాళ్లని తక్కువ చేయాలని కాదు మావయ్యా.

మావయ్య: సరే, అసలు విషయానికి రా. నువ్వు ఆలోచన అన్నావు. ఎవరి ఆలోచన? 1937లో మలయాలో బ్రిటిష్ సేనాధిపతి జనరల్ డాబీ, ఆయన దగ్గర స్టాఫ్ ఆఫీసరుగా ఉన్న పెర్సివల్ కలిసి కూర్చుని, శత్రువు ఉత్తరాన దిగి నేలమీదుగా రావచ్చని లెక్కవేశారు. ముప్పు ఎటునుంచో వాళ్లు ముందే చెప్పారన్నమాట. అయినా నాలుగేళ్ల తర్వాత జపాన్ సైన్యం దిగేనాటికి మలయాలో బ్రిటిష్‌వాళ్లకి ఒక్క ట్యాంకు లేదు. ఉన్న విమానాలు పాతవి. 1942 ఫిబ్రవరి 15న లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది అదే పెర్సివల్! “ఫిరంగులు అటు తిరిగున్నాయి” అంటే ఏదో ఇంజినీరు పొరపాటులా ఉంటుంది. తెలిసి కూడా బలగం పంపనివాళ్లు ఆ మాట చాటున తప్పించుకుంటారు. నా కోపమంతా అందుకే.

అల్లుడు: పరీక్షలో ఆప్షన్ అదే వస్తే?

మావయ్య: వస్తే పెట్టుకోమను, మార్కు పోగొట్టుకోవద్దు. క్లాసులో మాత్రం జరిగింది చెప్పు.

అల్లుడు: అయితే ఫిరంగుల వాక్యం తీసేస్తాను. డబ్బంతా తీరం మీద పోసి ఆకాశాన్ని వదిలేశారన్నది మాత్రం ఉంచుతాను, దానికి మీరు జవాబు చెప్పలేదు.

మావయ్య: ఉంచు. దాని పక్కనే 1937 అని కూడా వెయ్యి.