ఫ్యాక్షన్ సినిమా అన్నవ్, సుమోలేవి?

(మిర్యాలగూడ. ఎండలకు ఇంట్ల కూసోలేక టీవీని వాకిట్లకు తెచ్చి పెట్టుకున్నరు. మొన్న డైవర్జెంట్ అనే ఇంగ్లీషు సినిమా జూసిర్రు, ఇయ్యాల దాని రెండో భాగం ఇన్సర్జెంట్. హైదరాబాదుల ఉన్న బిడ్డ ఫోన్ల చెప్పి పెట్టిచ్చింది. పక్కింట్ల యాదయ్య తమ్ముడు ఉంటడు. రెండిండ్ల నడుమ మోకాళ్లెత్తు లేచి ఆగిపోయిన గోడ.)

పద్మ: కింద అక్షరాలు గంత గట్టిగ సదువుతవేందయ్యా, నాకేమన్న చెవుడా?

యాదయ్య: నీకు ఇంగ్లీషు రాదు గదనే, చెప్తున్న.

పద్మ: నువ్వు ఒక్క లైను కూడబలుక్కునేలోపు వాళ్లు నాలుగు మాటలు మాట్లాడి, ఉరికే రైలెక్కి పోతుర్రు.

యాదయ్య: అది సరే గని ఫ్యాక్షన్ సినిమా అన్నవ్, సుమోలేవి? తొడ గొట్టినోడు ఒక్కడన్న ఉన్నడా?

పద్మ: ఓ దేవుడా. గా ఫ్యాక్షన్ కాదయ్యా. యుద్ధమైందని షికాగోల మిగిలిన జనం సుట్టూ గోడ కట్టుకుని ఐదు గుంపులైర్రు, ధైర్యం గలోళ్లు ఒక దిక్కు, తెలివి గలోళ్లు ఒక దిక్కు, నిజం చెప్పెటోళ్లు, శాంతంగ వ్యవసాయం జేసుకునెటోళ్లు, పరుల కోసం బతికెటోళ్లు. పదహారేండ్లకు పరీక్ష పెట్టి ఏ గుంపుల పోతవో తేల్చుకోమంటరు.

యాదయ్య: ఇంటర్ గ్రూపులే గదనే! ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ. లెక్క గూడ ఐదే. మరి ఏ గుంపుల లేనోళ్లు?

పద్మ: నీ అసొంటోళ్లు. ఫ్యాక్షన్‌లెస్ అంటరు.

యాదయ్య: ఆ హీరోయిన్, ట్రిస్ పోరి?

పద్మ: ఆమె అన్ని గుంపులకు పనికొచ్చే రకం, డైవర్జెంట్. గందుకే తెలివి గుంపు పెద్దామె ఎంటబడ్డది.

యాదయ్య: ఆమెను ఎక్కడ్నో జూసిన... కేట్ విన్స్‌లెట్! టైటానిక్ ఓడ మీద చేతులు చాపి నిలబడ్డ పిల్ల! గిట్ల విలనైందేందే?

పద్మ: నీ అసొంటోనితోని ముప్పై ఏండ్లు కాపురం జేస్తే ఎవలైనా గట్లనే అయితరు.

యాదయ్య: సరె సరె, ఆ డబ్బా సంగతి చెప్పు. ఐదు గుంపుల పరీక్షలు పాసైతెనే మూత తెరుసుకుంటదంట, గంత కష్టం రేషన్ కార్డుకు గూడ లేదు.

పద్మ: ఆ డబ్బా అసలు బుక్కులనే లేదంట. వెరొనికా రోత్ రాసిన కతల వేరే ఉందంట, సినిమావోళ్లు కలిపిర్రు. బిడ్డ చెప్పింది.

యాదయ్య: మీ నాయిన మాట లెక్కనే. లగ్గం కాడ స్కూటరన్నడు, ఇంటికొచ్చింది సైకిల్.

పద్మ: ఆ సైకిల్ మీదనే గదా మిల్లుకు పదేండ్లు పోయినవ్. టీవీ జూడు.

(కొంచెం సేపు ఇద్దరు సప్పుడు జెయ్యలే. ఇది వాళ్లింట్ల పెద్ద వార్తనే.)

యాదయ్య: అబ్బ! డబ్బా తెరుసుకుంది. గోడ అవతల గూడ మనుషులున్నరంట, రమ్మంటున్నరు. జనం గోడ దిక్కు పోతుంటే, సాగర్ల 26 గేట్లు ఎత్తిర్రంటే మనోళ్లు ఉరికినట్టే ఉంది.

పద్మ: అగో, ఆ విలనామెను కాల్చేసిర్రు. గోడ అవతల ఏముందో అని తనకలాడింది, తెల్వకుండనే పాయె పాపం.

యాదయ్య: అయిపాయెనా? మరి ఆ బయటోళ్లెవరు? 

పద్మ: గది మూడోదాంట్ల.

యాదయ్య: దాంతోని ఖతం గదా?

పద్మ: కాదు. ఆఖరి బుక్కు ఒక్కటే, దాన్ని రెండు సినిమాలు జేద్దమనుకున్నరు. 2016ల అల్లీజియంట్ వచ్చింది, అనుకున్నన్ని పైసలు రాలే. నాలుగోదానికి అసెండెంట్ అని పేరు గూడ పెట్టుకున్నరు, టీవీకి తీస్తమన్నరు, ఆఖరికి అదీ తియ్యలే.

యాదయ్య: తియ్యలే?! అదేం మోసమే! ఈ ఇన్సర్జెంట్ వచ్చిన 2015లనే బాహుబలి గూడ నడుమ ఆపిర్రు, కట్టప్ప ఎందుకు పొడిచిండని మిల్లుల బస్తాలు ఆడనే పడేసి కొట్లాడుకున్నం, రెండేండ్లు ఆగినం, 2017ల చెప్పిర్రు గదా! మొదలువెట్టినోడు పూర్తి జెయ్యాలె, గంతే.

పద్మ: ఎవలు మాట్లాడుతుర్రయ్యా! గా గోడ జూడు. నాలుగు వరసలు లేపి సిమెంటు ధర తగ్గనియ్యి అన్నవ్, బిడ్డ లగ్గం కాకముందు మాట. ఇప్పుడు దానికి పిల్లలు. నీ తమ్ముని కోళ్లు గోడ దాటొచ్చి నా కొత్తిమీర మడి గీకి పారేసినయ్, అడిగితే మీ మరదలు "కోడికి గోడ ఏం తెలుసక్కా" అంటది. ఉగాది కాన్నుంచి ఆమెతోని మాట్లాడతలేను.

యాదయ్య: కట్టిస్తనే...

పద్మ: ఏ సంవత్సరం రిలీజు?

యాదయ్య: (గొంతు తగ్గించి) ఒకటి చెప్త, కోపం జెయ్యకు. నేను గట్టిగ సదివింది నీ కోసం గాదు. మొన్నటి సంది తమ్ముడోళ్లు గూడ అటుదిక్కు మంచమేసుకుని జూస్తుర్రు. గంత దూరంకెల్లి అక్షరాలు కనవడతలేవంట.

పద్మ: గా కోళ్లామె గూడనా?

యాదయ్య: ఆమెనే అడిగింది, బావా జర గట్టిగ సదువు అని. బువ్వ తినొస్తరంట, మూడోది పెట్టకుండ ఆగమన్నరు.

(పద్మ గోడ దిక్కు జూసింది. అటు ఖాళీ మంచం, దాని కింద ముడుసుకుని పండుకున్న ఒక కోడి.)

పద్మ: సరె, ఆగు. రానియ్యి. మూడోది మొత్తం జూడనియ్యి. నాలుగోది లేదని మాత్రం ఆమెకు చెప్పకు.